కొత్త ట్రాక్ వద్దు, ఉన్న దారికి నంబరు వేయండి

అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టరు గారికి,



రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి వెడల్పవుతున్న రోజులివి. రోడ్డు బాగుపడితే వచ్చే జనం పెరుగుతారు. జనం పెరిగేకొద్దీ పర్యాటకం పేరు చెప్పి ఏదో ఒకటి కట్టాలన్న ఉత్సాహమూ పెరుగుతుంది. రోప్‌వేలు, గాజు వంతెనలు, రిసార్టులు అడిగేవాళ్లకు కొదవుండదు. ఈ లేఖ అడిగేది వాటన్నిటికంటే చిన్నది. పాడేరు, అరకు ప్రాంతంలో రోడ్డు సైకిలింగ్‌కు దారులు గుర్తించి ప్రకటించండి. అందుకోసం కొత్తగా ఒక్క కిలోమీటరు రోడ్డు కూడా వేయకండి. ఇప్పటికే ఉన్న పల్లె రోడ్లలోంచి పనికొచ్చేవాటిని ఏరి, కూడళ్లకు నంబర్లు వేసి, వాలు ఎంతో రాసిపెట్టి, గుంతలు పూడిస్తే చాలు. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాక్ 2023లో తెరుచుకున్నాక, సైకిలు అనగానే అందరికీ ట్రాకే గుర్తొస్తోంది. ఎనిమిది వరుసల రహదారి పక్కన అది సబబే. మన్యంలో మాత్రం ఆ నమూనా దండగ, పైగా చేటు. కొండవాలున అదనంగా రెండు మీటర్ల వెడల్పు కావాలంటే కొండను తొలవాలి, తొలిచినచోట వానాకాలం మట్టి జారుతుంది, కిందివైపు ఎవరి మడో, ఎవరి కాఫీ తోటో పూడుతుంది.

మన్యం అనగానే మైదానం వాళ్లకు మనసులో మెదిలేది ఘాట్ రోడ్డు. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు, మాడుగుల దాటి పాడేరు వైపు, నర్సీపట్నం దాటి లంబసింగి వైపు, ఎటునుంచి వచ్చినా ఎక్కుడే. సైకిలు మీద మన్యం అంటే ఈ ఎక్కుడేనని, అది కండలు తిరిగిన కుర్రాళ్ల పనేనని చాలామంది తీర్మానించుకున్నారు. అసలు సంగతి ఎక్కాక మొదలవుతుంది. పైన ఉన్నది పీఠభూమి. సముద్ర మట్టానికి సుమారు తొమ్మిది వందల నుంచి వెయ్యి మీటర్ల ఎత్తున, మత్స్యగెడ్డా దానిలో కలిసే చిన్న గెడ్డలూ కోసిన లోయలతో పరుచుకున్న నేల. గెడ్డ పక్కన మెట్లు మెట్లుగా వరి మడులు, వాటిపైన మెట్ట మీద చోళ్లు, సామలు, చలికాలం మొదట్లో పసుపు పచ్చగా వలిసె పూలు, ఆ పైన సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియం తీగ. హుకుంపేట, డుంబ్రిగూడ, పెదబయలు, ముంచింగిపుట్టు, జి.మాడుగుల మండలాల లోపలి రోడ్లు ఈ లోయల అంచులు పట్టుకుని పోతాయి. ఎక్కుళ్లూ దిగుళ్లూ ఉంటాయి గానీ చాలావరకు పొట్టివి. మామూలు గేర్ల సైకిలు మీద నడివయసు మనిషి తొక్కగలిగినవి. అంటే మన్యంలో రోడ్డు సైకిలింగ్‌కు అనువైన నేల ఘాట్ రోడ్డు మీద లేదు, దాని వెనక ఉంది. పర్యాటక శాఖల బ్రోషర్లలో ఎక్కడైనా ముందు అచ్చయ్యేది ఘాట్ రోడ్డు మలుపుల బొమ్మే కాబట్టి ఈ సంగతి మరుగున పడిపోతుంది.

దారి ఎంపికకు గీటురాయి ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. కారుకు దూరం ముఖ్యం, సైకిలుకు వాలు ముఖ్యం. లెక్క తేలికే. మనిషీ సైకిలూ సామానూ కలిపి 90 కిలోలనుకుందాం. ఓ మోస్తరు అలవాటున్న మనిషి గంటల తరబడి 100 వాట్ల శక్తి పెట్టగలడు. నూటికి 5 వాలున్న ఎక్కుడులో ఆ శక్తితో గంటకు సుమారు 7 కిలోమీటర్లు పోవచ్చు. నెమ్మదే అయినా సైకిలు నిలకడగా సాగుతుంది. అదే వాలు నూటికి 10 అయితే వేగం 4 కిలోమీటర్లకు పడిపోతుంది, అంటే నడక కంటే తక్కువ. బ్యాలెన్సు తప్పుతుంది, సైకిలు అటూ ఇటూ ఊగుతుంది, సరిగ్గా అప్పుడే వెనక జీపు హారన్ కొడుతుంది. వాలు రెట్టింపైతే కష్టం రెట్టింపు కావడం ఒక ఎత్తు, ప్రమాదం పెరగడం ఇంకో ఎత్తు. కొండ రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే మామూలు వాలు 20కి 1, అంటే నూటికి 5. హెయిర్‌పిన్ మలుపు దగ్గర 40కి 1 మించరాదని కూడా ఉంది. లారీలు తిరగడానికి పెట్టిన ఈ నియమం సైకిలు వాడికి వరం, ప్రతి మలుపూ ఊపిరి తీసుకునే చోటవుతుంది. ఇంజినీర్లు లెక్క చూసి వేసిన పాత రోడ్డు అందుకే తొక్కడానికి హాయి. కొన్ని గూడేలకు జీపులు పోయిపోయి పడిన బాట మీదే తారు పోసి ఉంటే అక్కడ ఆ లెక్క పనిచేయదు. కాబట్టి మీ ఇంజినీర్లు చేయాల్సిన మొదటి పని, ఏ రోడ్డు ముక్క ఎంత వాలో కొలిచి పట్టిక వేయడం. ఫ్రాన్సులో పేరున్న పర్వత దారుల్లో కిలోమీటరుకో రాయి ఉంటుంది. అక్కడి ఎత్తెంతో, రాబోయే కిలోమీటరు సగటు వాలెంతో దాని మీద రాసి ఉంటుంది. అది చూసి తొక్కేవాడు గేరు మార్చుకుంటాడు, లేదా దిగి నీళ్లు తాగుతాడు. మన మైలురాళ్లకు ఒక వైపు ఖాళీయే కదా.

రెండో పని కూడళ్లకు నంబర్లు. 1995లో బెల్జియంలోని లింబుర్గ్ ప్రాంతంలో హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజినీరు ఆలోచనతో మొదలైన పద్ధతి ఇది. ఊళ్ల మధ్య ఉన్న చిన్న రోడ్లు కలిసే ప్రతి కూడలికీ ఒక అంకె ఇచ్చి, అక్కడినుంచి పక్క అంకెలకు బాణం గుర్తులు పెట్టారు. తొక్కేవాడు ఇంటి దగ్గరే 14, 22, 31, 9 అని ఒక చీటీ మీద రాసుకుని బయలుదేరతాడు. తనకు ఓపికున్నంత దూరం తానే అల్లుకుంటాడు. ఆ పద్ధతి నెదర్లాండ్స్ అంతటా పాకింది. కొత్త రోడ్డు వేయకుండా, ఉన్న రోడ్ల మీద అంకెలు పెట్టి ఒక పెద్ద సైకిలు దారుల అల్లికను సృష్టించారు. జపాన్‌లో 1999లో తెరుచుకున్న షిమానామి కైదో దారిలోనూ అంతే. దీవుల్లో మామూలు రోడ్ల అంచున నీలం గీత గీశారు, దాన్ని పట్టుకుని పోతే 70 కిలోమీటర్లు పోతారు. అయితే ఏరడం అంటే తీసెయ్యడం కూడా. బ్రిటన్‌లో జాతీయ సైకిలు దారుల బాధ్యత చూసే, అప్పట్లో సస్ట్రాన్స్ అనే పేరున్న సంస్థ, తాను గుర్తులు పెట్టిన దారుల్లో దాదాపు నాలుగో వంతును 2020లో పట్టిక నుంచి తప్పించడమో, వాటి స్థాయి మార్చడమో చేసింది. ముఖ్య కారణం వాహనాల రద్దీ. కిలోమీటర్ల అంకె తగ్గుతుందని చూడకుండా ఒక సంస్థ ఆ పనికి పూనుకోవడం మెచ్చుకోవాల్సిన సంగతి. మన దగ్గర మొదటి రోజే 'ఐదు వందల కిలోమీటర్ల సైకిలు మార్గం' అని బ్యానరు కట్టకుండా, నమ్మకంగా చెప్పగలిగిన ఎనభై కిలోమీటర్లతో మొదలుపెట్టడం మేలు.

ఇక్కడ మీ ఇంజినీర్లే ఒక అభ్యంతరం చెబుతారు. జాతీయ రహదారికి అంచున తారు పోసిన బెర్మ్ వస్తోంది కదా, సైకిళ్లు దాని మీద పోతే సరిపోదా అని. సగం సరిపోతుంది. ఎక్కుడులో సైకిలు వేగం 7 కిలోమీటర్లు, వెనక వచ్చే బస్సుది 40. ఈ తేడా ఉన్నచోట విడిగా జాగా ఉండి తీరాలి. దిగుడులో సైకిలు కూడా 35, 40 వేగం అందుకుంటుంది. అప్పుడు అంచున పోవడమే అపాయం, ఎందుకంటే రాళ్లూ ఇసకా చేరేది అక్కడే, మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి ఆగేదీ, సెల్ఫీ కోసం కారు ఆపేదీ అక్కడే. వెడల్పు తక్కువున్న చోట రెండు పక్కలా అరకొరగా ఇచ్చే బదులు, ఉన్న జాగా అంతా ఎక్కే వైపుకే ఇవ్వమని చెప్పండి. పైకి పోయే లారీలను దాటడానికీ అది పనికొస్తుంది. ఇంత చేసినా జాతీయ రహదారి జాతీయ రహదారే, దాని వేగం దానిది. సైకిలు దారి దాన్ని అడ్డంగా దాటాలి గానీ దాని వెంటే పోకూడదు. 3.75 మీటర్ల వెడల్పున్న గ్రామ సడక్ యోజన రోడ్డు మీద ఎదురుగా ఆటో వస్తే ఇద్దరూ నెమ్మదించక తప్పదు. ఆ ఇరుకే అక్కడ కాపలా. కాబట్టి సైకిలు దారిగా ప్రకటించిన పల్లె రోడ్డును వెడల్పు చేయించమని రేపెవరైనా అడిగితే, ముందు ఆ రోడ్డు మీద రద్దీ లెక్క అడగండి.

ఘాట్ రోడ్డు భయం మాత్రం నిజమైనదే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. చలికాలం తెల్లవారుజామున లంబసింగి వైపు పొగమంచు కమ్మితే పది మీటర్ల అవతల ఏముందో తెలియదు. సెలవు రోజుల్లో మైదానం నుంచి వచ్చే కార్ల వరుస చెప్పనక్కర్లేదు. సంత రోజున జీపుల టాపు మీద కూడా మనుషులుంటారు, డ్రైవరు చూపు సైకిలు మీద ఉండదు. అందుకని రాసిపెట్టే వివరాల్లో వాలుతో పాటు ఏ వారం ఎక్కడ సంతో, ఏ నెలల్లో ఎన్ని గంటలదాకా మంచు ఉంటుందో కూడా ఉండాలి. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ఒక రోడ్డు మీద కొన్ని రకాల వాహనాలను కొన్ని వేళల్లో ఆపే వీలుంది. ఏడాదికి కొన్ని ఆదివారాల ఉదయాలు ఒక ఘాట్ మీద బరువు లారీలను ఆపితే జిల్లా ఆర్థిక వ్యవస్థ ఏం కుప్పకూలదు. అది కూడా వద్దనుకుంటే ఘాట్‌ను పూర్తిగా తప్పించే దారి ఒకటుంది. 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసిన కొత్తవలస–కిరండోల్ లైను 58 సొరంగాల గుండా పైకెక్కుతుంది. ఆ లైను మీది శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. కిరండోల్ ప్యాసింజరులో సైకిలును లగేజీగా బుక్ చేసి అరకులో దిగితే వెయ్యి మీటర్ల ఎక్కుడు రైలు ఖాతాలో పోతుంది. ఆ లైను మీద తిప్పే అద్దాల బోగీ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు లగేజీ పెట్టెలో సైకిళ్ల కొక్కేల మీద పెట్టమని రైల్వే వారికి మీరొక ఉత్తరం రాయగలరు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం వేరే ఉంది. గర్భిణిని ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొచ్చే గూడేలున్న జిల్లాలో సైకిళ్లకు బోర్డులేమిటి, ఎవరి సరదా కోసం అని. ఈ ప్రశ్న అడిగేవాళ్లది న్యాయం. రోడ్డు లేని గూడేనికి రోడ్డు వేసే పద్దులోంచి ఒక్క రూపాయి కూడా దీనికి మళ్లించకూడదు. మళ్లిస్తే ఈ లేఖను చించి పారేయండి. కానీ రోడ్డు లేకపోవడం ఒక కష్టమైతే, వేసిన రోడ్డు కళ్లముందే పాడైపోవడం ఇంకో కష్టం, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. గ్రామ సడక్ యోజనలో వేసిన రోడ్డును మొదటి ఐదేళ్లూ కాంట్రాక్టరే బాగుచేయాలి. ఆ తర్వాత రాష్ట్రం చూసుకోవాలి, అసలు చిక్కంతా అక్కడ మొదలవుతుంది. కొండ రోడ్డు పాడయ్యే తీరు కూడా మీకు తెలియనిది కాదు. కొండ వైపు కాలువలో ఆకూ మట్టీ చేరి కల్వర్టు మూసుకుపోతుంది, నీళ్లు రోడ్డు మీదుగా పారతాయి, తారు కింద మట్టి కొట్టుకుపోతుంది, ముందు పగులు, తర్వాత గుంత, మరుసటి వానకు సగం రోడ్డు లోయలోకి. పగులు దశలో జీపు డ్రైవరుకు అది కనిపించదు, బస్సుకు అసలే తెలియదు. రోడ్డు సైకిలు టైరు వెడల్పు 25 నుంచి 30 మిల్లీమీటర్లు. ఆ పగులు సైకిలు వాడికి మొదటి రోజే తెలుస్తుంది. ప్రకటించిన సైకిలు దారికి ఏటా దసరాకు ముందొకసారి కాలువల పూడిక తీయడం, పగుళ్లు మూయడం అని ఒక తప్పనిసరి నియమం పెట్టండి. అదే రోడ్డు మీద 108 అంబులెన్సు వస్తుంది, అదే రోడ్డు మీద రేషన్ వస్తుంది. కూడలి నంబర్ల సంగతీ అంతే. ఒకే పేరున్న ఊళ్లు మన్యంలో తక్కువేం కావు. ప్రమాదం జరిగినచోట నిలబడి 'ఫలానా పుట్టు దాటాక చింతచెట్టు దగ్గర' అని చెప్పేవాడికి, స్తంభం మీద '47' అని కనిపిస్తే ఆ రెండు అంకెలు చాలు. ఆ నంబర్ల జాబితా 108 కంట్రోల్ రూములో ఉంటే సరి. సైకిలు వాళ్లు ఏడాదిలో నాలుగు నెలలు వాడే అంకె ఊరివాళ్లకు పన్నెండు నెలలూ పనికొస్తుంది.

లక్ష రూపాయల సైకిళ్ల మీద నిగనిగలాడే బట్టలేసుకుని వచ్చే పట్నం వాళ్లవల్ల ఊరికి ఒరిగేదేమిటని కూడా అంటారు. ఒరిగేది వాళ్ల ఆకలి. ఆ 90 కిలోల బరువును వెయ్యి మీటర్లు ఎక్కించడానికి ఒంట్లో ఖర్చయ్యేది దాదాపు 900 కేలరీలు, అంటే మామూలు తిండికి అదనంగా ఇంకో నిండు భోజనం. కారులో వచ్చినవాడు డిక్కీలో బిర్యానీ పొట్లాలూ నీళ్ల కేసూ పెట్టుకొస్తాడు, విశాఖలో పెట్రోలు పోయించుకుని, చాపరాయి జలపాతం దగ్గర ఫొటో దిగి, చీకటి పడకముందే ఘాట్ దిగిపోతాడు. సైకిలు వాడు మోయలేడు కాబట్టి కొంటాడు. రాత్రికి దిగిపోలేడు కాబట్టి ఉంటాడు. పదిహేను, ఇరవై కిలోమీటర్లకు ఒకచోట ఆగక తప్పదు. ఆ ఆగేచోట మహిళా సంఘం నడిపే టిఫిను కొట్టు ఉంటే ఇడ్లీ, లేకపోతే చోడంబలి, అరటిపండ్లు, ఆ ఊరి కాఫీ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గింజ పండించిన ఊళ్లోనే దాన్ని కప్పులో పోసి ఇచ్చే కొట్లు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. వందలమంది వస్తారని, ఊళ్ల దశ తిరుగుతుందని నేననను. శనివారం పదిమంది ఆగినా ఒక కొట్టు నిలబడుతుంది, అంత ఆశ చాలు.

ఆ పదిమంది వెయ్యిమంది అయితే? వంజంగి కొండమీద మేఘాలు చూడ్డానికి ఎగబడే జనాన్నీ, వాళ్లు వదిలే ప్లాస్టిక్‌నూ చూసినవాళ్లు ఈ ప్రశ్న అడగకుండా ఉండరు. దానికి నా దగ్గరున్న జవాబు, దారి ఎంపికను మీ ఆఫీసులో మ్యాపు ముందు పూర్తి చేయకండి అన్నదే. ఇది షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం గ్రామసభ మాటకు విలువ ఇచ్చింది. ఏ రోడ్డు తమ ఊరి గుండా పోవాలో, ఏది పోకూడదో, ధాన్యమో చోళ్లో రోడ్డు మీద ఆరబోసే వారాల్లో దారి మూసేయాలో లేదో గ్రామసభ చెప్పాలి. వద్దన్న ఊరికి నంబరు వేయకండి. అల్లికలో ఒక ముడి తగ్గితే పక్కనుంచి ఇంకో దారి ఉంటుంది, నంబర్ల పద్ధతిలో ఉన్న సుఖం అదే. మీ జిల్లాకు పెట్టిన పేరు ఊరికే పెట్టింది కాదు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండ రోడ్డు వేయించడానికి గిరిజనులను సరైన కూలి ఇవ్వకుండా గొడ్డుచాకిరీకి తోలిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మీద రగిలిన కోపం, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద సీతారామరాజు దాడికి దారితీసిన కారణాల్లో ఒకటి. ఆ కొండల్లో రోడ్డును ఇప్పటికీ ఎవరి కోసం వేస్తున్నారన్న అనుమానంతో చూస్తే తప్పుపట్టలేం. మైదానం వాళ్ల విహారం కోసం అడిగే ఏ పనికైనా ఆ అనుమానానికి ముందుగా జవాబు చెప్పాలి, నా అర్జీ కూడా అందుకు మినహాయింపు కాదు.

ఇంత చెప్పాక, తొందర ఏమిటంటారేమో. రహదారి పనులు జరుగుతున్నాయి కాబట్టే తొందర. వంపులు సరిచేసినచోట పాత రోడ్డు ముక్కలు మిగిలిపోతాయి. ఒకచోట రెండు వందల మీటర్లు, ఇంకోచోట అర కిలోమీటరు. తారు ఉంటుంది, చెట్ల నీడ ఉంటుంది, వాహనాలు ఉండవు. ఎవరి పద్దులోనూ లేని ఆ ముక్కల మీద కంకర కుప్పలు పోస్తారు, ఆ తర్వాత ఎవరో గుడిసో బడ్డీయో వేస్తారు. వాటిని పల్లె రోడ్లతో కలిపితే జాతీయ రహదారి ఎక్కకుండానే ఊరినుంచి ఊరికి పోవచ్చు, బడికి నడిచే పిల్లలకూ అంతే. కాంట్రాక్టరు క్యాంపు ఎత్తేసేలోగా ఆ ముక్కలన్నిటి జాబితా తెప్పించి, ఏది ఏ పంచాయతీకి, ఏది పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానికి అన్నది రాతపూర్వకంగా తేల్చండి. జిల్లా రోడ్డు భద్రత కమిటీకి మీరే అధ్యక్షులు. వచ్చే సమావేశం అజెండాలో ఇది ఒక అంశంగా చేర్చమని కోరుతున్నాను. మొదటి అల్లికకు అరకు, డుంబ్రిగూడ, హుకుంపేట మండలాల లోపలి రోడ్లు పరిశీలించవచ్చు. రైలు స్టేషను అరకులో ఉంది, ఏరియా ఆసుపత్రీ అక్కడే ఉంది.


ఒక పౌరుడు